గొమొఱ్ఱా అని పేరు పెట్టినవారు

1943వ సంవత్సరము మే నెల 27వ తేదీన ఇంగ్లండు దేశపు బాంబరు సేనల ముఖ్యస్థానమునుండి ఒక ఆజ్ఞాపత్రము వెలువడెను. జర్మనీ దేశమందలి హాంబర్గు నగరమును నాశనము చేయుటయే దాని ఉద్దేశము. యుద్ధకాలమందు ఇట్టి పనులకు గుప్తనామము లుంచుట వాడుక. ఈ పనికి ఉంచిన పేరు గొమొఱ్ఱా.

ఇది మన బైబిలులోని పేరు. ఆదివారపు బడిలో కూర్చుండు పిల్లలకును తెలిసిన పేరు. ఈ పేరు పెట్టిన దేశము ఆదికాండమును ఎరుగని దేశము కాదు. వందల యేండ్లుగా దానిని దేవాలయములలో చదివి వినిపించుచు వచ్చిన దేశము. కాబట్టి ప్రియ చదువరులారా, ఈ సంగతిని సేనాధిపతులకును చరిత్రకారులకును విడిచిపెట్టి మనము ఊరకుండుటకు వీలులేదు. మన గ్రంథములోని మాటను తీసికొని పోయి ఒక పట్టణమును కాల్చినప్పుడు, ఆ గ్రంథము ఆ పనినిగూర్చి యేమి చెప్పుచున్నదో విచారించుట ఆ గ్రంథమును చదువువారి పనియే.

నేను మనవి చేయదలచినది ఇది. యుద్ధము చేయని స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవలెనని తలపెట్టి చంపుట నరహత్య. యుద్ధము ప్రకటింపబడినంతమాత్రమున దాని పేరు మారదు. మన పక్షము న్యాయమైనదైనను మారదు. దానివలన యుద్ధము శీఘ్రముగా ముగిసినను మారదు. యుద్ధమంతయు పాపమా, న్యాయమైన యుద్ధమొకటి కలదా యను ప్రశ్న ఇక్కడ ఎత్తుకొనను. మహబూబ్‌నగరు ప్రాంతమున సువార్త ప్రకటించిన మెన్నొనైటు సహోదరుల సంప్రదాయము ఆయుధమునే ముట్టదు. లూథరను, ఆంగ్లికను సంఘముల బోధ అధికారి చేతిలోని ఖడ్గమును ఒప్పుకొనును. ఈ రెండు మార్గములలో దేనిని పట్టుకొన్నవారైనను నేను చెప్పిన దానిని కాదనలేరు. ఏలయనగా రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయములో అధికారికి ఖడ్గము చెడు చేయువానికొరకు ఇయ్యబడినది గాని, తొట్టెలోని శిశువుకొరకు ఇయ్యబడలేదు.

జరిగిన దానిని ముందుగా చెప్పవలెను. యుద్ధారంభమున, 1939 సెప్టెంబరు 1వ తేదీన, అమెరికా అధ్యక్షుడైన రూజ్‌వెల్టు యుద్ధమునకు దిగుచున్న దేశములన్నిటిని వేడుకొనెను: కోటలేని పట్టణములమీదను నిరాయుధ ప్రజలమీదను ఆకాశమునుండి బాంబులు వేయకుడని. ఇంగ్లండు ఒప్పుకొనెను, ఫ్రాన్సు ఒప్పుకొనెను, జర్మనీయు ఒప్పుకొనెను. ఆ మాటను జర్మనీ ఆ నెలలోనే వార్సా నగరముమీద తప్పెను. 1940 మే 14న రాటర్‌డాములో మరల తప్పెను. తరువాత లండను, కావెంట్రీ. ఇంగ్లండు దేశమున ఆ యుద్ధకాలమంతటిలో బాంబులవలన చనిపోయిన పౌరులు 60,000 ప్రాంతము. ఇది మరచి హాంబర్గునుగూర్చి వ్రాయుట అన్యాయము.

ఇంగ్లండు విమానములు మొదట రాత్రివేళ కర్మాగారములను, రైలు కూడళ్లను వెదకి కొట్ట యత్నించెను. 1941 ఆగస్టులో ఆ దాడుల ఛాయాచిత్రములను పరీక్షించి చూడగా, గురిని కొట్టితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే ఆ గురికి 5 మైళ్లలోపునకు చేరినదని తేలెను. అప్పుడు చేయదగిన పని రెండు విధములు. గురి కుదురువరకు ఆ దాడులు తగ్గించుకొనుట ఒకటి. గురిని పెద్దది చేసికొనుట మరియొకటి. రెండవది చేసిరి. 1942 ఫిబ్రవరి 14న వచ్చిన ఉత్తరువు శత్రుదేశపు పౌరుల, ముఖ్యముగా కార్మికుల, మనోధైర్యమును గురిగా నిర్ణయించెను. ఆ మరునాడే వాయుసేనాధిపతి స్పష్టపరచెను: గురి పెట్టవలసినది జనులు నివసించు ఇండ్ల బారులకు గాని, ఓడల రేవులకును విమాన కర్మాగారములకును కాదని. మార్చి నెలలో ప్రధానమంత్రికి సలహాదారుడైన శాస్త్రజ్ఞుడొకడు ఎన్ని టన్నుల బాంబులు వేసిన ఎందరి ఇండ్లు పోవునో లెక్క కట్టి పంపెను. కార్మికుల పేటలలో ఇండ్లు దగ్గర దగ్గరగా నుండును గనుక అవియే మేలైన గురి. బీదవాని యిల్లు ఇరుకుగా నుండుట వాని నేరమైనది చూడుడు!

1943 జూలై 24వ తేదీ రాత్రి మొదలుకొని ఆగస్టు 3వ తేదీ వరకు హాంబర్గుమీద దాడులు జరిగెను. జూలై 27వ తేదీ రాత్రి 700కు పైగా విమానములు వచ్చెను. ఎండకాలము, వర్షము లేదు, కట్టడములన్నియు ఎండియున్నవి. హామ్మర్‌బ్రూక్, రోతెన్‌బుర్గ్‌జోర్ట్ అను కార్మికుల పేటలలో రేగిన వేలాది మంటలు ఒక్క మంటయై, చుట్టునున్న గాలిని లోపలికి లాగుకొని, తుపాను గాలివలె వీచెను. వీధిలో తారు కరగెను. పరుగెత్తినవారు మంటలోనికి ఈడ్వబడిరి. ఇండ్ల క్రిందనున్న నేలమాళిగలలో దాగినవారిలో అనేకులు కాలకయే, విషవాయువుచేత కూర్చున్నవారు కూర్చున్నట్లే చనిపోయిరి. ఆ కొలది దినములలో మృతులైనవారు ఇంచుమించు 37,000 మంది. ఓల్స్‌డార్ఫు సమాధితోటలో వారిలో అత్యధికులను సిలువ ఆకారముగా త్రవ్విన పెద్ద గోతులలో పాతిపెట్టిరి. నగరమధ్యమందలి పరిశుద్ధ నికొలాయి దేవాలయపు గోపురము 147 మీటర్ల ఎత్తుగలది. విమానములు నడుపువారు దారి గుర్తించుటకు ఆ గోపురమునే ఆనవాలుగా పెట్టుకొనిరి. దేవాలయము కాలెను, గోపురము నేటికిని నిలిచియున్నది.

ఇప్పుడు ఆదికాండము 18వ అధ్యాయము తెరచి చూడుడు. సొదొమ గొమొఱ్ఱాల మొర తన సన్నిధికి వచ్చినప్పుడు దేవుడు మొదట చేసిన పని యేమి? అక్కడివారు నిజముగా అట్లు చేసిరో లేదో తాను దిగిపోయి చూచెదనని చెప్పెను. సమస్తము నెరిగిన దేవుడు దిగి చూచెదననెను! 18,000 అడుగుల ఎత్తునుండి, రాత్రివేళ, తనకంటె ముందు వచ్చిన విమానము విడిచిన రంగు దీపముల వెలుగు చూచి మీట నొక్కిన మనుష్యుడు ఏమి చూచెను? వానికి చూడనక్కరలేదు. చూడకుండుటకే ఆ విధానము ఏర్పడినది.

రెండవది, దేవుడు తన ఆలోచనను అబ్రాహామునకు మరుగుచేయక చెప్పెను. అబ్రాహాము అడ్డుపడి బతిమాలెను. ఏబదిమందితో మొదలుపెట్టి పదిమంది వరకు దిగెను. అడిగిన ప్రతిమారు దేవుడు ఒప్పుకొనెను. పదిమంది నీతిమంతులున్నయెడల ఆ పట్టణము నిలిచియుండెడిది. హాంబర్గులో అట్టి లెక్క యెవరు అడిగిరి? అక్కడ హిట్లరును అసహ్యించుకొన్నవారు, చెరసాలలలో నున్నవారు, పోలెండునుండియు రష్యానుండియు బలవంతముగా తేబడిన కూలీలు, పాలుత్రాగు బిడ్డలు లేకపోయిరా? లెక్క కట్టినవారు టన్నుల లెక్క కట్టిరి.

ఇక్కడ మరియొక మాట. తెలుగు క్రైస్తవులకు హాంబర్గు బొత్తిగా పరాయి ఊరు కాదు. ఉత్తర జర్మను మిషను సంఘము 1836లో ఆ నగరములోనే స్థాపింపబడెను. 1840లలో రాజమండ్రికి లూథరను మిషనెరీలను పంపినది ఆ సంఘమే. అటు తరువాత ఆ పనిని అమెరికా లూథరనులు అందుకొనిరి. గోదావరి తీరమున సువార్త వినిన మన ముత్తాతల కొరకు చందా వేసినవారి మునిమనుమలు ఆ నేలమాళిగలలో నుండియుందురు. ఈ మాట వ్రాయగానే మీ మనస్సు కొంచెము కదలునని నాకు తెలియును. కాని ఆ కదలికమీద నా వాదమును కట్టను. అబ్రాహాము సోదరుని కుమారుడైన లోతు సొదొమలో కాపురముండెను. అయినను అబ్రాహాము చేసిన ప్రార్థనలో లోతు పేరే లేదు. తన బంధువుకొరకు ఆయన బేరమాడలేదు. నీతిమంతులను దుష్టులతోకూడ చంపుట సర్వలోకమునకు తీర్పు తీర్చువానికి తగునా యని అడిగెను. మనవారున్నారని గాక, మనుష్యులున్నారని అడిగెను. మనవారు ఒక్కరైనను లేని పట్టణముకొరకును ఆ ప్రార్థన చెల్లును.

అయినను దేవుడు ఆ పట్టణములను కాల్చెను గదా, అని కొందరందురు. అవును, కాల్చెను. ఆయన దేవుడు గనుక కాల్చెను. ప్రాణమిచ్చినవాడు ప్రాణము తీసికొనుటకును, తీసికొనినవానిని తీర్పుదినమున మరల నిలువబెట్టుటకును అధికారముగలవాడు. ఆ సింహాసనముమీద మనకు చోటున్నదా యను సంగతి లూకా 9వ అధ్యాయమందు తేలిపోయినది. సమరయుల గ్రామమొకటి ప్రభువును చేర్చుకొననప్పుడు యాకోబు యోహానులు ఆకాశమునుండి అగ్ని దిగి వారిని నాశనము చేయునట్లు ఆజ్ఞాపింతుమా యని అడిగిరి. వారు నాస్తికులు కారు, ప్రభువునకు అతి సమీపమున తిరిగినవారు. వారి పక్షమునకు ఏలీయా దృష్టాంతమును కలదు. ప్రభువు తిరిగి వారిని గద్దించెను. తరువాత వారందరు మరియొక గ్రామమునకు వెళ్లిరి. ఆకాశమునుండి అగ్ని పంపుటకు శిష్యులు సెలవు అడిగినది అప్పుడే. ఆ సెలవు వారికి దొరకలేదు. ఆ తరువాత ఎవరికైనను దొరికినట్లు నా బైబిలులో లేదు.

శత్రువే ముందు మొదలుపెట్టెను అను వాదము మన పిల్లల జగడములలో నిత్యము వినునదే. దానికి కావెంట్రీ దేవాలయము జవాబిచ్చినది. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు ఆ పట్టణమును, ఆ దేవాలయమును కాల్చెను. అక్కడి ప్రధాన గురువైన రిచర్డు హోవర్డుగారు ఆ క్రిస్మసు దినమున ఆ శిథిలములలోనుండి రేడియోలో మాటలాడుచు, పగ తీర్చుకొను తలంపును మనస్సునుండి తోలివేయుదమని దేశమును కోరెను. తరువాత ఆయన బలిపీఠము వెనుక గోడమీద సిలువపైని ప్రభువు చేసిన మొదటి ప్రార్థనలోని తొలిమాటలు చెక్కించెను. వీరిని క్షమించుము అని గాక, క్షమించుము అని మాత్రమే. ఎవరినో చెప్పలేదు. అందరిని అని అర్థము. దెబ్బ తినినవారే ఇట్లు మాటలాడగా, దెబ్బ తినినవారి పేరు చెప్పి వేరొకచోట పసిపిల్లలను కాల్చినవారు ఎవరి పక్షముగా కాల్చిరి?

యుద్ధము త్వరగా ముగిసి అనేకుల ప్రాణములు దక్కును అను వాదము దీనికంటె బలమైనది. బుద్ధిమంతులే దీనిని చెప్పుదురు. హాంబర్గు విషయమున అట్లు జరుగలేదు. కొన్ని నెలలలోనే అక్కడి కర్మాగారములు చాలావరకు మరల నడిచెను, జర్మనీ దేశపు ఆయుధముల ఉత్పత్తి 1944 మధ్యవరకు పెరుగుచునే వచ్చెను, యుద్ధము 1945 మే వరకు సాగెను. కాని నేను ఈ లెక్కతో తృప్తిపడను. ఆ లెక్క తప్పినందున ఆ పని పాపమైనదని చెప్పినయెడల, లెక్క కుదిరినప్పుడు పాపము కాదని ఒప్పుకొనవలసివచ్చును. కుదిరినను పాపమే. ఏలయనగా ఈ వాదము మొట్టమొదట ఎవరి నోట వచ్చినదో యోహాను సువార్త 11వ అధ్యాయములో చూడవచ్చును. జనమంతయు నశింపకుండ నిరపరాధి యొకడు చచ్చుట మేలని సభలో చెప్పినవాడు ప్రధానయాజకుడైన కయప. వాని లెక్క చక్కని లెక్కయే. ఒక ప్రాణమునకు ఒక జనాంగము. హాంబర్గు, డ్రెస్డెను, టోక్యో, హిరోషిమాల లెక్కలలో ఏదియు అంత లాభముగా లేదు. ఆ లెక్కను ఒప్పుకొన్న సభ మన ప్రభువును సిలువవేయించెను. సిలువ పేరిట బాప్తిస్మము పొందినవారు ఆ లెక్కను తమదిగా చేసికొనుట నాకు ఎన్నటికిని బోధపడదు. మేలు కలుగుటకై కీడు చేయుదమను వారినిగూర్చి పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయములో ఏమి తీర్పు చెప్పెనో అదియు చూచుకొనుడు.

ఈ కాలపు యుద్ధములో అందరును యుద్ధము చేయువారే, రొట్టె కాల్చువాడును బట్ట కుట్టునదియు సైన్యమునకు సహాయులే, అని మరికొందరు. ఫిరంగులు చేయు కర్మాగారమును కొట్టినప్పుడు అందులో పనివారు చనిపోవుట వేరు. రాత్రి నిద్రించు పేటను గురిగా పెట్టుట వేరు. ఈ భేదము తెలిసికొనుటకు మనము జర్మనీవరకు పోనక్కరలేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన, ఈస్టరు పండుగ మరునాడు, జపాను విమానములు విశాఖపట్టణపు రేవుమీదను కాకినాడ యొద్ద ఓడలమీదను బాంబులు వేసెను. జనులు మూటలు కట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. రేవు గురి, ఓడలు గురి, అది యుద్ధము. ఆ విమానములే రేవును విడిచి జాలరిపేటలను ఏరి కాల్చియున్నయెడల దానిని యుద్ధమని మన తాతలు అనియుందురా? అందరును యుద్ధము చేయువారే యనువాడు నీనెవెనుగూర్చి దేవుడు యోనాతో చెప్పినదానిని తీసివేయవలెను. నీనెవె ఇశ్రాయేలునకు శత్రువుల మహానగరము. అందులో కుడియెడమలు ఎరుగనివారు లక్షా ఇరువదివేలకు పైగా ఉన్నారని దేవుడే లెక్క చెప్పెను. పశువులనుకూడ మరువలేదు. యోనాకు మాత్రము తన సొరచెట్టుమీదనే దిగులు.

ఇక పాత నిబంధన పేరు చెప్పి యెరికోను, అమాలేకీయులను చూపువారున్నారు. నేటికిని ఉన్నారు. 2022లో మరియుపోలు నగరము, 2023 అక్టోబరు 7న ఇశ్రాయేలు సరిహద్దు గ్రామములలో చంపబడినవారు, అటుతరువాత గాజాలో ఇండ్లక్రింద నలిగినవారు. వీరిలో ఏ పక్షమువారిని చంపుట మనకు సమ్మతమో ఆ పక్షమువారికి బైబిలులోనుండి ఒక పేరు తీసి తగిలించుట మన ప్రసంగపీఠములమీదను వినబడుచున్నది. ఇది హాంబర్గునకు గొమొఱ్ఱా అని పేరు పెట్టినవారి మార్గమే. యెరికోనుగూర్చిన ఆజ్ఞ దేవుడు ఒక కాలమందు, ఒక ప్రజకు, ఒక స్థలమునుగూర్చి ఇచ్చినది. ఆ యధ్యాయములు నాకును కఠినముగానే యుండును. వాటిని మెత్తపరచి చెప్పను. అయితే ఆ ఆజ్ఞ తన చేతిలో నున్నదని చెప్పువాడు దానిని ఎక్కడ పొందెనో చూపవలెను. చూపలేనివాడు ఆమోసు గ్రంథము తెరువవలెను. అమ్మోనీయులు తమ సరిహద్దు విశాలపరచుకొనుటకు గిలాదులోని గర్భిణీ స్త్రీలను చీల్చినందున దేవుడు వారిమీదికి అగ్ని పంపుదుననెను. మోయాబీయులు ఎదోము రాజు ఎముకలను కాల్చినందుకును శిక్ష చెప్పెను. వీరికి ధర్మశాస్త్రము ఇయ్యబడలేదు. ఎదోము ఇశ్రాయేలునకు మిత్రుడును కాదు. అయినను యుద్ధములో చేయరానిది యొకటి కలదని వారు ఎరిగియుండవలసినదే.

సౌలు సంగతి మరి విచిత్రము. యెహోషువ కాలమున గిబియోనీయులు మోసముచేసి ప్రమాణము చేయించుకొనిరి. మోసముతో పొందిన ప్రమాణమైనను దేవుడు దానిని కొట్టివేయలేదు. తరతరముల తరువాత సౌలు తన జనులయందలి ఆసక్తిచేత ఆ గిబియోనీయులను చంపెను. దాని నిమిత్తము దావీదు దినములలో మూడు సంవత్సరములు కరవు వచ్చెనని సమూయేలు రెండవ గ్రంథము 21వ అధ్యాయము చెప్పుచున్నది. దేశభక్తిచేత చేసినను ప్రమాణభంగము ప్రమాణభంగమే. 1949లో జెనీవాలో లోకమందలి రాజ్యములు యుద్ధకాలమందు పౌరులను కాపాడుటకై ఒడంబడిక చేసికొనెను. మన దేశము 1950లో దానిని స్థిరపరచెను. 1977లో చేర్చిన నిబంధనావళి పట్టణమంతటిని ఒక్క గురిగా ఎంచి కొట్టుటను స్పష్టముగా నిషేధించెను. మన దేశము ఇంకను దానిలో చేరలేదు. ఓట్లడుగ వచ్చువారిని క్రైస్తవులు స్మశానస్థలముల పట్టాలనుగూర్చి అడుగుదురు, అడుగవలసినదే. దీనినిగూర్చి ఎవరైనను అడిగిరా?

విమానములు నడిపిన యువకులను నిందించుటకు నేను ఈ మాటలు వ్రాయుటలేదు. బాంబరు సేనలలో 55,000 మందికి పైగా చనిపోయిరి. వారిలో అనేకులు ఇరువదియేండ్లు దాటీ దాటనివారు. గురి నిర్ణయించినది వారు కాదు. గురి నిర్ణయించినవారు కొందరు. ఆ గురిని తెలిసియు నోరు మూసికొన్న సంఘపు పెద్దలు మరికొందరు. నా ఫిర్యాదు ఈ రెండవవారిమీద ఎక్కువ.

1945 ఆగస్టు 6న టీనియను ద్వీపమునుండి హిరోషిమాకు బయలుదేరు విమానములవారికొరకు లూథరను గురువొకడు ప్రార్థన చేసెను. వారు క్షేమముగా తిరిగి రావలెనని, యుద్ధము ముగియవలెనని వేడుకొనెను. తిరిగి రావలెనని ప్రార్థించుటలో తప్పేమియు లేదు. వారు ఎక్కడికి పోవుచున్నారో ఆ ఊరికొరకు ఒక్క మాట లేదు. మూడు దినములకు, 9వ తేదీ ఉదయము 11 గంటల 2 నిమిషములకు, నాగసాకిలోని ఉరకామీ పేటమీద రెండవ బాంబు పేలెను. అది 250 యేండ్లు పాదిరి లేక, గ్రంథము లేక, రహస్యముగా విశ్వాసమును కాపాడుకొన్న జపాను క్రైస్తవుల పేట. ఆ గడియలో వారి పెద్ద దేవాలయమందు ఇద్దరు ప్రీస్టులు జనుల పాపపు ఒప్పుకోలు వినుచుండిరి. లోపలనున్నవారు ఒక్కరును బ్రదుకలేదు. ఆ పేటలోని 12,000 మంది కతోలికులలో 8,500 మంది ప్రాంతము చనిపోయిరి. ఆ వాయుసేన దళమునకు ఆత్మీయ సేవచేసిన కతోలిక గురువు జార్జి జబెల్కాగారు అనేక సంవత్సరములకు, పౌరులను చంపుటనుగూర్చి తాను ఆ యువకులకు ఒక్క ప్రసంగమైనను చేయలేదని బహిరంగముగా ఒప్పుకొని, 1992లో చనిపోవువరకు అదే చెప్పుచు తిరిగెను. ఆయన చెప్పినది నిజము. చెప్పవలసిన సమయము మాత్రము 1945.

సమయమునకు చెప్పినవాడొకడు కలడు. చిచెస్టరు బిషప్పైన జార్జి బెల్లుగారు 1944 ఫిబ్రవరి 9న, యుద్ధము ఇంకను సాగుచుండగానే, బ్రిటను ప్రభువుల సభలో లేచి హాంబర్గు పేరు, బెర్లిను పేరు ఎత్తి, పట్టణములను తుడిచివేయుట యే న్యాయముచేత సమర్థింతురని ప్రభుత్వమును అడిగెను. ఆయన యుద్ధమును విడువుమనలేదు. సైనికస్థానములను, కర్మాగారములను కొట్టుటను తప్పుపట్టలేదు. హిట్లరు దుష్టత్వము ఆయనకు తెలియనిది కాదు. హిట్లరు ఉరితీయించిన డీట్రిక్ బోన్‌హోఫరునకు ఆయన ఆప్తమిత్రుడు. ఆ ప్రసంగము అక్కడ ఎవరికిని ఇష్టము లేదని, క్రైస్తవ గురువుగా తన విధియని నమ్మియే చేయుచున్నాడని మాత్రము అందరికిని తెలియునని ఒక మంత్రి ఆయనతో చెప్పెనట. సభలో ఆయన పక్షముగా మాటలాడినవారు అరుదు. మునుపటి ఆర్చిబిషప్పు లాంగుగారు మాత్రము తోడుగా నిలిచెను. దేశద్రోహియని ఆయనకు ఉత్తరములు వచ్చెను. దాడులు ఆగలేదు. ఆ యేడు అక్టోబరులో కాంటర్బరీ ఆర్చిబిషప్పు పీఠము ఖాళీయైనప్పుడు అది ఆయనకు రాలేదు. ఆ ప్రసంగమే అందుకు కారణమని అనేకులు తలంతురు.

మనము బిషప్పు బెల్లు కాము, మన మాట వినుటకు ప్రభువుల సభయు లేదు. అయినను మనకు ఆదివారపు ఆరాధన యున్నది. 1965లోను, 1971లోను, 1999లోను, ఆ తరువాతను, సరిహద్దున తుపాకులు మ్రోగినప్పుడెల్ల మన దేవాలయములలో దేశముకొరకు, సైనికులకొరకు ప్రార్థించితిమి. అది తగినదే, మన సంఘముల బిడ్డలు ఆ సైన్యములో నున్నారు. అవతలి ఊరిలో నిద్రపోవు పిల్లలకొరకు ప్రార్థన ఎన్ని సంఘములలో వినబడెను? లాహోరులోను, కరాచీలోను, సియాల్‌కోటలోను మనవలెనే ఆదివారము కీర్తనలు పాడు సంఘములున్నవి. అవి లేకపోయినను ప్రార్థింపవలసినదేనని పైన చెప్పితిని.

ఇట్లు ప్రార్థించినయెడల మన దేశభక్తిని శంకింతురు, మనము అసలే కొద్దిమందిమి, అని ఒక గురువుగారు నాతో అనిరి. ఆ భయము ఊరక పుట్టినది కాదు. దానిని నేను చులకన చేయను. అయితే కొద్దిమందియై, పరుల కంటికి అనుమానితులై యుండినవారికే ఈ ఆజ్ఞ ముందుగా వచ్చినది. యిర్మీయా 29వ అధ్యాయములో బబులోనుకు చెరపోయినవారికి ప్రవక్త పత్రిక వ్రాసి, తమ్మును చెరపట్టిన ఆ పట్టణపు క్షేమమునే కోరి దానికొరకు యెహోవాకు ప్రార్థన చేయుడని చెప్పెను. బబులోనులో లోతు లేడు. అక్కడ వారిని ప్రేమించినవారును లేరు. అయినను పట్టణము పేరుతో ప్రార్థింపుమనెను. మన దేశముమీద మనకున్న ప్రేమ అట్టి ప్రార్థనవలన తగ్గునని తలంచువారు, మన సైనికులు పసిపిల్లలను చంపకుండ తిరిగి రావలెనని ఏ తల్లియైనను కోరునో లేదో తమ సంఘములోని తల్లులనే అడిగి చూడవచ్చును.

కాబట్టి గురువులకును పెద్దలకును నా మనవి యిది. మరల యుద్ధము వచ్చినయెడల, విజ్ఞాపన ప్రార్థనలో మన సైనికుల పేర్లు చదివిన తరువాత, ఆ వారము మన విమానములు ఏ ఊరిమీదికి పోయెనో ఆ ఊరి పేరును చదువుడు. ఊరి పేరు తెలియదనుటకు వీలులేదు. అట్టి దినములలో ఆ పేర్లు వార్తాపత్రికలో మొదటి పుటలోనే యుండును.